పట్టుబడి దగ్గరపడితే అన్నం అరగట్లేదు. ఇది గ్యాసా, టెన్షనా? ఆయుర్వేదం ఏమంటుంది?

ఉప్పుటేరు_గట్టు | రాత్రి 11:52
అందరికీ నమస్కారం అండి. మాది ఆకివీడు అవతల పల్లె. చెరువులో వెనామీ రొయ్యలు వేస్తాను, వయసు నలభై దాటింది. సీడు, అంటే రొయ్యపిల్లలు, వదిలిన మొదట్లో కడుపు బాగానే ఉంటుంది. మేత బాకీ పెరిగి, పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మే రోజు) దగ్గరపడేకొద్దీ మొదలవుతుంది. పొట్ట ఉబ్బరం, పులితేన్పులు. ఒకరోజు అసలు విరేచనమే అవదు, మర్నాడు పొద్దున్నుంచీ పరుగులే. ఒక పూట ఆకలి దంచేస్తుంది, ఇంకో పూట కంచం చూస్తేనే విసుగు. సరుకు లారీ ఎక్కి డబ్బు చేతికొచ్చాక దానంతటదే సర్దుకుంటుంది. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి వెళ్లినప్పుడైతే మా గట్టు మీద అందరిదీ ఇదే వరస.

ఇంట్లో వంట మారలేదు. అదే అన్నం, అదే పప్పు, అదే చారు. మరి తేడా ఎక్కడుంది? మా మేనమామ "ఇది గ్యాసు కాదురా, బెంగ" అంటాడు. చూర్ణాల పేర్లు వద్దండి, మెడికల్ షాపులో అవి బోలెడు ఉన్నాయి. అసలు కారణం తెలిసినవాళ్లు చెప్పండి.

గోళీసోడా | రాత్రి 11:58
సోడాలో నిమ్మకాయ పిండుకుని ఉప్పేసి తాగండి గురూగారూ. ఒక్క తేన్పుతో ఫ్రీ.

ఉప్పుటేరు_గట్టు | రాత్రి 12:03
అది ఆ పూటకే అండి. తెల్లారితే మళ్లీ మామూలే.

కోనసీమ_వైద్యుడు | ఉదయం 6:20
నేను ఆయుర్వేద వైద్యుణ్ణి, ప్రాక్టీసు అమలాపురం దగ్గర. మీ మేనమామ గారి మాట చరకసంహిత అనే పాత ఆయుర్వేద గ్రంథంలో ఉన్నదే. విమానస్థానం రెండో అధ్యాయంలో ఇలా ఉంటుంది:

మాత్రయాప్యభ్యవహృతం పథ్యం చాన్నం న జీర్యతి
చింతాశోకభయక్రోధదుఃఖశయ్యాప్రజాగరైః

ఒంటికి పడే అన్నాన్ని సరిపడా కొలతలో తిన్నా కూడా చింత, శోకం, భయం, కోపం, ఒళ్లు ఆనని పడక, రాత్రి జాగరణ ఉంటే అరగదని భావం. అదే అన్నం, అదే పప్పు, తేడా ఎక్కడ అని మీరు అడిగిన దానికి ఇంతకన్నా సూటి జవాబు నాకు తెలీదు. ఈ ఆరింటిలో మీకు ఎన్ని ఉన్నాయో చూసుకోండి. గట్టు మీద పాకలో నులకమంచం కూడా లెక్కలోకే వస్తుంది.

జఠరాగ్ని, అంటే అన్నాన్ని అరిగించే నిప్పు, నాలుగు రకాలు. అన్నీ వేళకు అరిగితే సమాగ్ని. ఎంత తిన్నా వెంటనే కాలిపోయి, లోపల మంట పుడితే తీక్ష్ణాగ్ని, అది పిత్తం వల్ల. కొంచెం తిన్నా రాయిలా కూర్చుంటే మందాగ్ని, అది కఫం వల్ల. ఒకరోజు అలా, ఒకరోజు ఇలా ఉంటే విషమాగ్ని, అది వాతం వల్ల. మీరు రాసిన లక్షణాలు చాలామటుకు విషమాగ్నివి. భయం, చింత, నిద్రలేమి ఈ మూడూ ముందు వాతాన్నే కదుపుతాయి. అగ్నికి గాలి అందించేది సమాన వాయువు అని శాస్త్రం. మీ ఇళ్లల్లో ఊకపొయ్యి వాడి ఉంటే తెలుస్తుంది, గాలి సమంగా అందితే ఎర్రగా కాలుతుంది, గాలి ఎగదన్నితే ఒకసారి మంట, ఒకసారి పొగ. ఊక అదే, పొయ్యీ అదే.

అరగకుండా మిగిలినదాన్ని ఆమం అంటారు. పొద్దున్నే నాలుక మీద తెల్లటి పూత, ఒళ్లు బరువు, నోరు చప్పగా ఉండటం దాని గుర్తులు. మీ దినచర్య ఒకసారి రాయండి. ఎప్పుడు పడుకుంటారు, ఎప్పుడు తింటారు, తినేటప్పుడు ఏం చేస్తుంటారు?

సందేహాల_రావు | ఉదయం 8:41
మాది తణుకు, ఉద్యోగం హైదరాబాదులో. డాక్టరు గారూ, శ్లోకం బాగుంది. కానీ కడుపులో ఏ బాధ వచ్చినా "టెన్షన్ పడకు" అని పంపేయడం ప్రమాదం కాదా? కడుపులో పుండుకి మానసిక ఒత్తిడే కారణమని ఇంగ్లీషు డాక్టర్లు కూడా దశాబ్దాల పాటు నమ్మారు. 1982లో ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియాని బయటపెట్టారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ సూక్ష్మజీవులు కలిపిన ద్రవం తానే తాగి, కడుపు వాపు తెచ్చుకుని మరీ చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు. అంతవరకూ "నీకు టెన్షన్ ఎక్కువ" అనిపించుకున్న రోగుల సంగతేంటి? రెండు వారాల యాంటీబయాటిక్ కోర్సుతో పోయే జబ్బుని బెంగ ఖాతాలో రాసేశారు.

పక్షపాతం లేకుండా రెండోవైపు కూడా చెప్తాను. 1822లో అమెరికాలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కుర్రాడికి తుపాకీ దెబ్బ తగిలి, పొట్టకి పడిన కన్నం పూడలేదు. బోమంట్ అనే సైనిక వైద్యుడు ఆ కన్నంలోంచి ఏళ్ల తరబడి అరుగుదలని కళ్లారా చూసి 1833లో పుస్తకం రాశాడు. ఆ మనిషికి కోపం వచ్చినప్పుడు కడుపు లోపలి పొర తీరు మారేదనీ, అరుగుదల దెబ్బతినేదనీ అందులో ఉంది. కాబట్టి సంబంధం లేదనను. ఉన్నదంతా అదేనంటే మాత్రం ఒప్పుకోను.

కోనసీమ_వైద్యుడు | ఉదయం 9:15
మీతో పేచీ లేదండి. చరకుడు అక్కడ మాట్లాడింది అరుగుదల గురించి, పుండు గురించి కాదు. పుండు ఉందేమో చూసుకోవాల్సిందే. పుండు లేకపోయినా అరగని మనుషులు మాత్రం రోజూ నా దగ్గరికి వస్తుంటారు, ఎండోస్కోపీ రిపోర్టు నార్మల్ అని చేతిలో పట్టుకుని.

మందుల_కొట్టు | ఉదయం 9:37
పాలకొల్లులో ఫార్మసిస్టుని. గట్టు గారూ, ఒక ప్రశ్న. నడుం నొప్పికో, భుజం నొప్పికో మాత్రలు వేస్తున్నారా? వేస్తే ఏవి, ఎంతకాలం నుంచి? గుట్కా, ఖైనీ, సిగరెట్టు ఉన్నాయా?

ఉప్పుటేరు_గట్టు | మధ్యాహ్నం 1:10
నా దినచర్య ఇదండి. రాత్రి పదకొండుకి అన్నం తిని గట్టు మీదకి వెళ్తాను. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కదా, అందుకని రెండు నుంచి ఐదు దాకా కన్ను మూయను. కరెంటు పోతే జనరేటరు వెయ్యాలి, నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగితే రొయ్య తేలిపోతుంది. ఆరింటికి మేత, రొయ్య మేత తింటోందో లేదో చెక్ ట్రేలు చూసుకోవడం. అప్పటికి టీలు నాలుగైదు. ఎనిమిదింటికి ఇంటికొచ్చి ఇడ్లీనో పెసరట్టో గట్టిగా తిని పడుకుంటాను. పదకొండున్నరకి మేత వ్యాపారి ఫోను లేపుతుంది. మధ్యాహ్నం అన్నం మూడు, మూడున్నర.

తినేటప్పుడు ఏం చేస్తానంటే, ఫోనులో కౌంటు రేట్లు చూస్తాను. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. వంద కౌంటు ఎంత, యాభై ఎంత అని గ్రూపులో పెడతారు. రేటు పడితే ఇక ముద్ద దిగదు.

భుజం నొప్పికి డైక్లోఫెనాక్ వాడుతున్నాను. సీజన్ ముదిరాక దాదాపు రోజూ. రాత్రిళ్లు గుండెల్లో మంట కూడా ఉంది. గుట్కా లేదు, అప్పుడప్పుడు సిగరెట్టు.

మందుల_కొట్టు | మధ్యాహ్నం 1:26
ఇదిగో. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కడుపు లోపలి పొరను దెబ్బతీస్తాయి, పుండు పెడతాయి. దాదాపు రోజూ వేసుకుంటూ, పరగడుపున టీలు తాగుతూ ఉంటే మంట ఎందుకు రాదు? పట్టుబడి అయ్యాక బాధ తగ్గుతుందన్నారు. పట్టుబడి అయ్యాక బెంగతో పాటు మాత్రలు కూడా ఆగిపోతున్నాయి కదా! ముందు డాక్టరుకి చూపించి నొప్పికి వేరే దారి అడగండి.

ఇంకో మాట. విరేచనం తారులా నల్లగా వచ్చినా, రక్తం కనపడినా, బరువు తగ్గుతున్నా, ముద్ద గొంతులో అడ్డం పడుతున్నా, నొప్పి నిద్రలోంచి లేపుతున్నా ఇక్కడ రాస్తూ కూర్చోవద్దు, వెంటనే వెళ్లండి. ఛాతీ బిగబట్టి, చెమటలు పోసి, చెయ్యో దవడో లాగితే 108కి ఫోన్ చేయండి. మన వైపు చాలామంది దాన్ని గ్యాసు అనుకుని సోడా తాగుతూ గంటలు పోగొట్టుకుంటారు.

గోళీసోడా | మధ్యాహ్నం 1:31
నా వైపు చూసి అన్నట్టుంది 😄 అర్థమైంది అండి.

కోనసీమ_వైద్యుడు | మధ్యాహ్నం 2:05
ఫార్మసిస్టు గారు నా కన్నా ముందు అడగాల్సింది అడిగారు. మాత్రల సంగతి తేలాకే మిగతావి.

నిద్ర గురించి చెప్తాను. మీకు రాత్రి నిద్ర ఎలాగూ కుదరదు, "త్వరగా పడుకోండి" అని సలహా ఇస్తే మీరు నవ్వుతారు. ఇలాంటివాళ్ల కోసం వాగ్భటుడు అష్టాంగహృదయంలో దారి చెప్పాడు. "అసాత్మ్యాజ్జాగరాదర్ధం ప్రాతః స్వప్యాదభుక్తవాన్". అలవాటు లేని జాగరణ చేసినవాడు, మేలుకున్న కాలంలో సగం సేపు, పొద్దున్న, ఏమీ తినకుండా నిద్రపోవాలి. మీరు చేస్తున్నది తిరగేసి ఉంది. పెసరట్టు తిని పడుకుంటున్నారు. పగటినిద్ర కఫాన్ని పెంచుతుంది, నిండు కడుపు మీద అయితే మరీను. ఇంటికి రాగానే స్నానం చేసి పడుకోండి. లేచాక, ఆకలి తెలిశాక తినండి. ఆ మూడు గంటలూ ఫోను మీ ఆవిడ గారి దగ్గర ఉంటే మేత వ్యాపారి ఏమీ పారిపోడు.

రాత్రి అన్నం ఎనిమిదిలోపు. పదకొండుకి తింటే పడుకున్నా మంటే, వంగి పనిచేసినా మంటే.

ఇక భోజనం. చరకుడు తినే పద్ధతికి కొన్ని నియమాలు పెట్టాడు. వేడిగా, కాస్త నెయ్యి తగిలినట్టు, కొలతలో, ముందు తిన్నది అరిగాక, నచ్చిన చోట కూర్చుని, మరీ గబగబా కాకుండా, మరీ సాగదీయకుండా. చివర్లో "అజల్పన్, అహసన్, తన్మనా భుంజీత" అంటాడు. మాటలు, నవ్వులు పక్కనపెట్టి, మనసు అన్నం మీద పెట్టి తినమని. మీరు కౌంటు రేట్ల మీద మనసు పెట్టి తింటున్నారు. రేటు ఆ పావుగంటలో మీరు చూసినా చూడకపోయినా మారదు.

చల్లకవ్వం | సాయంత్రం 4:48
మాది మండపేట బాబూ. మా అత్తగారు కంచం ముందు ఎవరు అప్పుల మాట ఎత్తినా గరిట చూపించేవారు. "అన్నం దగ్గర అఘోరించకండి" అనేవారు. మొదటి ముద్ద శొంఠిపొడీ నెయ్యీ, చివర మజ్జిగ. ఎవరికీ గ్యాసు అన్న మాటే తెలీదు. ఇప్పుడు నూనె కారుతున్న ఆవకాయతో మొదలెడుతున్నారు. రాత్రి పెరుగన్నం గడ్డగా తింటే చలవ, నిద్ర పడుతుంది, అది మాత్రం మానకు.

కోనసీమ_వైద్యుడు | సాయంత్రం 5:30
పిన్నిగారూ, శొంఠి దాకా మీ అత్తగారితో నేనూ ఉన్నాను. పెరుగు దగ్గరే చిక్కు. "న నక్తం దధి భుంజీత" అని చరకుడు, రాత్రిపూట పెరుగు వద్దని. పెరుగు అరగడానికి బరువు. అదే చిలికిన మజ్జిగ తేలిక, అగ్నిని లేపుతుంది, అరుగుదల చెడే గ్రహణి వ్యాధిలో దాన్ని ఎంతో మెచ్చుకున్నారు. మధ్యాహ్నం పల్చటి మజ్జిగలో వేయించిన జీలకర్ర పొడి వేసి ఇవ్వండి.

చల్లకవ్వం | సాయంత్రం 5:44
పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ రాత్రి పెరుగు తింటున్నాను నాయనా, నాకేం కాలేదు. మీ చరకుడు గోదావరి నీళ్లు తాగలేదు.

సందేహాల_రావు | సాయంత్రం 5:50
ఈ ఒక్క విషయంలో నేను పిన్నిగారి పార్టీ.

కోనసీమ_వైద్యుడు | సాయంత్రం 6:02
అలవాటైనదాన్ని సాత్మ్యం అంటారు, దానికి శాస్త్రంలోనూ మినహాయింపు ఉంది. మీరు తినండి పిన్నిగారూ. ఉబ్బరం ఉన్న గట్టు గారికి మాత్రం పెట్టొద్దు.

గ్రూప్స్_అభ్యర్థి | రాత్రి 9:12
అన్నలూ, నాది ఇంకో రకం. రాజమండ్రిలో కోచింగ్. మాక్ టెస్టు ఉన్న రోజు పొద్దున్నే బాత్రూముకి మూడు నాలుగు సార్లు వెళ్లాలి. ఆదివారం ఏమీ ఉండదు. ఫ్రెండ్స్ ఏడిపిస్తున్నారు. ఇది జబ్బా?

కోనసీమ_వైద్యుడు | రాత్రి 9:40
ఏడిపించేవాళ్లకి చెప్పు తమ్ముడూ, చరకుడు అతిసారాన్ని, అంటే విరేచనాల జబ్బుని, ఆరు రకాలుగా చెప్పి అందులో రెండింటికి భయం, శోకం అనే పేర్లే పెట్టాడు. భయజ అతిసారం, శోకజ అతిసారం. ఈ రెండింటి వల్ల వాతం చప్పున రేగుతుందని చెప్పి, చికిత్సలో వాతం తగ్గించే వైద్యంతో పాటు "హర్షణ, ఆశ్వాసన" అన్నాడు. సంతోషపెట్టడం, ధైర్యం చెప్పడం. అవి మందు పక్కన చెప్పే ఓదార్పు మాటలు కావు, చికిత్సలో భాగంగానే రాశాడు. ఇంగ్లీషు వైద్యం లెక్కలోనూ ఇది మామూలే. భయపడినప్పుడు పొట్ట ఖాళీ అవడం నెమ్మదిస్తుంది, పెద్దపేగు మాత్రం పరుగెడుతుంది. అందుకే పైన బరువు, కింద తొందర. పరీక్షరోజు పాలు, కాఫీ మానెయ్. వేడి గంజిలో ఉప్పు వేసుకుని తాగు, లేదా మెత్తటి అన్నం చారుతో కొంచెం తిను. సెలవు రోజుల్లో కూడా మొదలైతే, లేదా రక్తం, జ్వరం ఉంటే చూపించుకోవాలి.

లేసు_అల్లిక | రాత్రి 10:25
నేను నర్సాపురం దగ్గర లేసు అల్లుతాను. ఈ చర్చ మొత్తం చదివాను. మావారు గల్ఫులో ఉంటారు. ఫోను రాని రోజు నాకు ఆకలి ఉండదు. పిల్లలకి పెట్టి, మామగారికి పెట్టి, ఆఖరికి చల్లారిన అన్నం తింటాను. ఏడుపు వస్తుంది, కానీ పిల్లల ముందు ఏడిస్తే బెదిరిపోతారని మింగేస్తాను. గొంతులో ఉండ అడ్డం పడ్డట్టు ఉంటుంది. నోటికి ఏదీ రుచించదు. డాక్టరు పరీక్షలన్నీ చేసి ఏమీ లేదన్నారు. మగవాళ్ల టెన్షన్‌కి అప్పు, రేటు అని పేర్లున్నాయి. మాకు పేరు కూడా లేదు.

కోనసీమ_వైద్యుడు | రాత్రి 11:08
పేరు ఉందమ్మా. చరకసంహిత సూత్రస్థానం ఏడో అధ్యాయంలో బలవంతంగా ఆపకూడని వేగాలు పదమూడు చెప్పారు. మలం, మూత్రం, తుమ్ము, ఆవులింతలతో పాటు ఆకలి, నిద్ర, కన్నీరు కూడా ఆ లెక్కలోవే. కన్నీరు ఆపితే వచ్చే బాధల్లో పడిశం, కంటిజబ్బు, గుండెజబ్బు, కళ్లు తిరగడంతో పాటు అరుచి అని రాశారు. నోటికి ఏదీ రుచించకపోవడమంటే అదే.

అదే అధ్యాయంలో ఆపాల్సినవీ ఉన్నాయి. లోభం, శోకం, భయం, కోపం, ఈర్ష్య లాంటివి. నా దగ్గరికి వచ్చేవాళ్లని చూస్తే మన బతుకు దీనికి తలకిందులుగా నడుస్తోందనిపిస్తుంది. ఆకలిని ఆపుతాం, నిద్రని ఆపుతాం, ఏడుపుని ఆపుతాం. కోపాన్నీ భయాన్నీ మాత్రం పగ్గం తీసి వదిలేస్తాం. గట్టు గారిది నిద్ర, మీది కన్నీరు, ఆకలి. పిల్లలు బడికి వెళ్లాక ఏడవండి, తప్పులేదు. మీ అన్నం వేడిగా ఉన్నప్పుడే, పిల్లలతో పాటే తినండి. మామగారు ఏమనుకుంటారన్నది నాకు వదిలేయండి, నా పేరు చెప్పండి.

సందేహాల_రావు | రాత్రి 11:20
డాక్టరు గారూ, ఆ కన్నీరు ఆపినదానికి అక్కడ చికిత్స ఏం రాశారో కూడా చెప్పండి, నేను ఇప్పుడే తీసి చూశాను 🙂

కోనసీమ_వైద్యుడు | రాత్రి 11:27
చెప్పక తప్పదా... నిద్ర, మద్యం, ఇష్టమైన కబుర్లు.

గోళీసోడా | రాత్రి 11:28
ఇన్నాళ్లకి నాకు నచ్చే వైద్యం దొరికింది!!

చల్లకవ్వం | రాత్రి 11:33
నోరు ముయ్యరా. మూడింట్లో ఒకటే కనబడిందా నీకు?

మోడరేటర్ | రాత్రి 11:40
విషయం మీద ఉందాం. మద్యం పొట్టలో మంటని పెంచుతుంది, ఎవరూ దీన్ని సలహాగా తీసుకోవద్దు.

లేసు_అల్లిక | రాత్రి 11:46
చాలారోజులకి నవ్వాను. మందు వద్దు గానీ, కబుర్లకి మధ్యాహ్నం మా వీధి ఆడవాళ్లందరం అరుగు మీద అల్లుకుంటూ కూర్చుంటాం. నేనే ఈమధ్య వెళ్లడం మానేశాను. రేపు వెళ్తాను.

ఉప్పుటేరు_గట్టు | నాలుగు రోజుల తర్వాత, ఉదయం 10:50
అందరికీ దండాలు. భీమవరంలో డాక్టరుకి చూపించాను. నొప్పి మాత్ర ఆపేశారు, భుజానికి ఫిజియోథెరపీ రాశారు. హెచ్. పైలోరీ పరీక్ష చేయించమన్నారు, ఇంకా చేయించలేదు. మా బావమరిదిది పక్క చెరువే. ఒక రాత్రి వాడు రెండు చెరువులూ చూస్తాడు, ఒక రాత్రి నేను. ఇన్నేళ్లూ ఎవరి చెరువు దగ్గర వాళ్లం విడివిడిగా మేలుకున్నాం, ఈ సంగతి ఎవరికీ తోచలేదు. ఉబ్బరం కొంచెం నయం. రేట్లు అన్నం తిన్నాకే చూస్తున్నాను, కష్టంగానే ఉంది.

డాక్టరు గారూ, షాపులో హింగ్వాష్టక చూర్ణం ఇచ్చారు. మొదటి ముద్దలో నెయ్యితో కలుపుకోమన్నారు. వాడనా?

మందుల_కొట్టు | ఉదయం 11:15
పరీక్షకి ముందు ఒక జాగ్రత్త. అసిడిటీ బిళ్లలు, పాంటోప్రజోల్ లాంటివి, వాడుతుంటే డాక్టరుకి చెప్పండి. అవి రెండు వారాలు, యాంటీబయాటిక్స్ నాలుగు వారాలు ఆపి చేయిస్తేనే ఫలితం సరిగ్గా వస్తుంది. లేకపోతే క్రిమి ఉన్నా లేదని చూపించవచ్చు. మీ అంతట మీరు ఆపకండి, అడిగి ఆపండి.

కోనసీమ_వైద్యుడు | మధ్యాహ్నం 12:30
హింగ్వాష్టకం మంచి మందే. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, వాము, రెండు జీలకర్రలు, సైంధవ లవణం, ఇంగువ. చాలామటుకు వేడి చేసే సరుకే. ఉబ్బరం ఒక్కటే ఉన్నవాళ్లకి పనిచేస్తుంది. మీకు గుండెల్లో మంట ఉంది, నొప్పి మాత్రలతో పొట్ట లోపల ఏమైందో ఇంకా తేలలేదు. ఇప్పుడు వద్దు. అవిపత్తికర చూర్ణం అని ఇంకెవరైనా ఇస్తే అదీ అడగకుండా తీసుకోకండి, అందులో విరేచనకారి ఉంది, పంచదార కూడా ఎక్కువ, షుగరు ఉన్నవాళ్లకి పడదు. అశ్వగంధ టెన్షన్‌కి మంచిదని ఫోనులో వీడియోలు తిరుగుతున్నాయి, థైరాయిడ్ మాత్రలు వాడేవాళ్లు వైద్యుణ్ణి అడగకుండా ముట్టుకోకూడదు.

ధనియాలు కచ్చాపచ్చాగా దంచి, రాత్రి నీళ్లలో నానేసి, పొద్దున్న వడకట్టి తాగండి. గట్టు మీద టీలు రెండుకి తగ్గించండి, అదీ పరగడుపున కాదు. పరీక్ష ఫలితం వచ్చాక రాయండి, అప్పుడు మిగతాది మాట్లాడదాం.

ఉప్పుటేరు_గట్టు | మధ్యాహ్నం 12:41
ఆయ్, అలాగేనండి. చూర్ణం డబ్బా సీలు తియ్యలేదు, వాపసు తీసుకుంటాడేమో అడుగుతాను.

మందుల_కొట్టు | మధ్యాహ్నం 12:44
బిల్లు ఉంటే తీసుకుంటాం. 🙂